ముడి లేని అల్లిక

గవర్నర్‌పేట, విజయవాడ
4 ఫిబ్రవరి 2025

నాగాయలంకలో ఉన్న మా వదిన గంగారత్నానికి,

విజయవాడ నుంచి నీ ఆడపడుచు నాగలక్ష్మి నమస్కారం పెట్టి, కోపం తగ్గకుండానే రాస్తున్నాను. ఇక్కడ మేమందరం బాగున్నాం. నువ్వెలా ఉన్నావని అడిగితే బాగున్నానని తప్ప ఇంకో మాట చెప్పవు గనక, నీ సంగతులు అన్నయ్యని అడిగి తెలుసుకున్నాను.

మొన్న ఫోన్లో నువ్వన్న మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. ఉషశ్రీ పెళ్లిలో నువ్వు పీటల మీద కూర్చోవట, నేనూ మా ఆయనా కూర్చుని కన్యాదానం చెయ్యాలట. కన్నతల్లివి నువ్వు నిక్షేపంలా ఉండగా మేనత్త మొగుడు పెళ్లికొడుకు కాళ్లు కడిగితే ఊళ్లో నవ్వరూ? అదేమిటని అడిగితే ఠక్కున ఫోన్ పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఉత్తరమైతే నా నోరు నొక్కెయ్యడానికి వీలుండదని ఇది మొదలుపెట్టాను. సగంలో మడిచి పక్కన పెట్టావంటే నా మీద ఒట్టు.

నువ్వు చెప్పకపోయినా కారణం నాకు తెలుసు. ఆపరేషన్లో ఒకవైపు రొమ్ము తీసేసిన దగ్గర్నుంచి నువ్వు మంచి చీర కట్టడమే మానేశావు. ఎక్కడికి రమ్మన్నా ఒంట్లో నలతంటావు. పెళ్లికొడుకు కాళ్లు కడిగేటప్పుడు నీళ్లు పొయ్యడానికి వంగితే పైట జారుతుందనీ, పందిట్లో ఆడవాళ్ల చూపులన్నీ అక్కడే పడతాయనీ నీ భయం. జాకెట్టు లోపల పెట్టుకోవడానికి ఆసుపత్రి దగ్గర కొన్న ఆ రబ్బరు లాంటిది మన ఎండలకి చెమటలు పట్టించి, భుజం లాగేస్తోందని పెట్టె అడుగున పడేశావట. ఉషశ్రీ చెప్పింది. పిల్లని తిట్టకు, అది ఏడుస్తూ చెప్పింది. చీర ఎలా కట్టినా సరే అత్తా, నీళ్లు మాత్రం మా అమ్మే పొయ్యాలి అంది.

ఏం మనిషివి వదినా నువ్వు. బీసెంట్ రోడ్డులో షాపుల ముందు బొమ్మలకి తొడిగిన జాకెట్లు చూసి, మెడ ఎంత లోతు, చేతులు ఎంత పొడుగు అని గుర్తుపెట్టుకుని, ఊరికొచ్చి టైలర్ సురేష్ ప్రాణాలు తోడేసేవాళ్లం మనిద్దరం. చేపల బుట్టల మధ్య కూర్చున్నా సరే, గాజులు చీరకి కలవాల్సిందే అనేదానివి. పెళ్లికాక ముందు నాకు పైట ఎలా వేసుకోవాలో కూడా తెలీదు. ఈ షోకులన్నీ నేర్పిందే నువ్వు. నేర్పినదానివి నువ్వు మానేస్తే నేనెవరితో పోటీ పడను?

ఇక నా అల్లిక పిచ్చి సంగతి. ఈ ఊరి ఎండల్లో స్వెట్టర్లు అల్లుతున్నానని అన్నయ్య ఎంత ఎగతాళి చేశాడో నీకు తెలుసు. స్వెట్టర్లు కాదు మహాప్రభో, నూలుదారంతో అల్లుతున్నానంటే వినిపించుకోడు. జాకెట్టుకి జాలీ చేతులు, చీర మీదకి పల్చటి పైకోటు, ఏ షాపులోనూ దొరకనివి మన చేతుల్లోనే తయారవుతుంటే ఎంత సరదాగా ఉంటుందో. మొన్న బస్సులో ఒకావిడ నా జాకెట్టు ఎక్కడ కొన్నారండీ అని దిగేదాకా వదల్లేదు. అల్లానంటే నమ్మలేదు కూడాను. నాకు నేర్పింది మా వెనక సందులో ఉండే దానమ్మగారు. ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు.

నేర్చుకునే మొదట్లో నా పరువు పోయిందనుకో. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని వలలు అల్లిన చేతులు కదా, ప్రతి కన్నుకీ ముడి వేసి బిగించేశాను. జాకెట్టు చెయ్యి అల్లబోతే చివరికి అది పీతల వలలా తయారైంది, బల్ల మీద నిలబెడితే నిలబడింది. దానమ్మగారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఇందులో ముడన్నదే ఉండకూడదమ్మా, ఒక మెలికలోంచి ఇంకో మెలిక లాగడమే, అప్పుడే అది మనిషి ఒంటికి సాగుతుంది అన్నారు. ముడి వెయ్యకపోతే జారిపోదా అని నా వేళ్లు ఎంతకీ ఒప్పుకునేవి కావు. ఆవిడ ఓపిక గొప్పది.

బస్సు పార్సిల్లో పంపుతున్నది ఆ అల్లికే. జాకెట్టు లోపల, తీసేసిన వైపు పెట్టుకోవడానికి. పైన మెత్తటి నూలు, లోపల దూది. చెమట పీల్చేస్తుంది, ఉతికి నీడన ఆరేసుకోవచ్చు. ఆపరేషన్ అయిన ఆడవాళ్లకి దానమ్మగారు ఇవి అల్లి ఊరికే ఇస్తుంటారు. ఉన్న ఇబ్బందల్లా ఒకటే, మరీ తేలిక కావడంతో నడుస్తుంటే పైకి జరుగుతుంది. ఏం చెయ్యాలా అని ఆవిడా నేనూ తల బద్దలుకొట్టుకుంటుంటే మన వలలు గుర్తొచ్చాయి. వల అంచు నీళ్లలో తేలిపోకుండా బరువుకి మట్టి గుళ్లు కడతాం కదా. నాన్న పాత వలకి ఉన్నవి, నున్నగా అరిగినవి, వేణ్నీళ్లలో కడిగి ఆరబెట్టి దూది మధ్యలో పెట్టి కుట్టేశాను. ఇక వంగినా లేచినా చోటు కదలదు. నవ్వితే నవ్వావు, ఫరవాలేదు. చేపలు పట్టే ఇంటి ఆడవాళ్ల ఫ్యాషన్ ఇలాగే ఉంటుంది మరి.

దాంతోపాటు ఒక జాకెట్టు కూడా ఉంది, నీ ఆకుపచ్చ పట్టుచీర మీదకి. లోపల చిన్న జేబు కుట్టించాను, అల్లినది అందులో దూర్చుకోవాలి. చేతులు మోచేతుల దాకా నేనే అల్లాను. ఆపరేషన్ అయినవైపు చెయ్యి సాయంత్రానికి వాస్తోందన్నావుగా, ఏం బిగుసుకోదు, అదే సాగుతుంది. వేసుకుని, తలుపు వేసుకుని, అద్దం ముందు నిలబడు. చెంబుతో నీళ్లు పోస్తున్నట్టు వంగి చూడు. నచ్చకపోతే అప్పుడు తిట్టు, పడతాను. అంతేగానీ చూడకుండా పెట్టె అడుగున పడెయ్యకు వదినా. నీ కూతురు పెళ్లి నువ్వు వంటగది కిటికీలోంచి చూస్తానంటే నేను తట్టుకోలేను.

అన్నయ్యని మందులు వేళకి వేసుకోమను. పెళ్లిపనులకి నేను ముందే వస్తాను.

కోపమూ ప్రేమా రెండూ నీ మీదే పెట్టుకున్న
నీ ఆడపడుచు
నాగలక్ష్మి

తా.క.: పార్సిల్ కట్టబోయి మళ్లీ విప్పాను. ఇది రాయకపోతే, దానికేం, ఒడ్డున కూర్చుని ఎన్నయినా చెబుతుంది అనుకుంటావు. అల్లిక నేర్చుకున్నది షోకు కోసమని అందరికీ చెప్పాను. షోకు తర్వాతొచ్చింది. నీకంటే ముందే నాకూ ఈ ఆపరేషన్ అయింది వదినా, ఎడమవైపు. కాశీ వెళ్తున్నామని మీకు చెప్పి మేమిద్దరం వెళ్లింది ఆసుపత్రికి. అప్పుడు అన్నయ్య గుండె జబ్బుతో మంచాన ఉన్నాడు, నోరు రాలేదు. కోలుకున్నాడు, ఇక చెబుదామనుకునేసరికి నీకొచ్చింది. నీ మంచం పక్కన కూర్చుని నా బాధ కూడా నీ నెత్తిన పెట్టలేకపోయాను. ఆ మట్టి గుళ్లు ముందు పెట్టుకున్నది నేనే. ఇప్పుడంతా బాగుందని డాక్టర్లు చెప్పారు, కంగారుపడకు, అన్నయ్యకి నువ్వే మెల్లగా చెప్పు. పెళ్లినాడు నువ్వు పీటల మీద కూర్చుని నీళ్లు పొయ్యి. నేను నీ వెనకాలే నిలబడతాను. పందిట్లో అంతమంది ఆడవాళ్లున్నారే, మనిద్దరినీ చూసి ఎవరు ఏం కనిపెడతారో చూద్దాం.