అత్తగారి మీదుగా జీపు ప్రయాణం

మోయాబ్, యూటా
అక్టోబరు 6, 1996

పూజ్యులు ఎల్డన్ బావగారికి,

మీ చెల్లెలి భర్త లవార్ నమస్కారాలు. ఇక్కడ నేనూ, ఆర్డిసూ, ఆర్డిస్ కొత్త మోకాళ్లు రెండూ క్షేమం. అక్కడ మీరూ, మీ ఆవులూ క్షేమమని తలుస్తాను.

ఆపరేషన్ చేసిన డాక్టరు ఇంట్లోనూ బజారులోనూ ఎంతైనా నడవమన్నాడు, కొండ మాత్రం ఎక్కొద్దన్నాడు. మీ చెల్లెలి సంగతి మీకు తెలుసు. పెళ్లయిన దగ్గర్నించీ ఏటా ఏప్రిల్లో మా ఊరి వెనక ఎర్రమిట్ట మీదికి నడిచి వెళ్లి, అక్కడి ముళ్లపొదలు ఎర్రగా పూస్తే చూసి వచ్చేది. ఆ పూలు చూసి ఆరేళ్లయింది. నోరు తెరిచి ఏమీ అనదు. ఏప్రిల్ వచ్చిందంటే మాత్రం వంటింటి కిటికీలోంచి మిట్ట వైపు చూస్తూ గిన్నెలు కడుగుతుంది. ఒకే గిన్నె చాలాసేపు కడుగుతుంది.

మిట్ట మీదికి రోడ్డు లేదు. మూడు మైళ్లూ బండరాళ్లే. అందుకని, మామగారు పోతూ ఆర్డిస్‌కి ఇచ్చిన పచ్చ జీపుకి కాస్త పెద్ద టైర్లు వేద్దామనుకుంటున్నాను. మీ తండ్రిగారి వస్తువు కాబట్టి మీ అనుమతి కోరుతున్నాను.

ఇట్లు,
లవార్

తా.క. టైర్లు ఇప్పటికే కొనేశాను.


బ్రోకెన్ బో, నెబ్రాస్కా
అక్టోబరు 15, 1996

బావ లవార్‌కి,

ఎల్డన్ రాయునది. ఆవులు క్షేమం. నాకు నడుం నొప్పి. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

టైర్లు మార్చుకో. టైర్లంటే అరిగేవే. మిగతా దేన్నీ ముట్టుకోకు. అది మా నాన్న జీపు. ఆదివారం చర్చి నుంచి రాగానే కోటు విప్పకుండా దాన్ని తుడిచేవాడు. అందులో మమ్మల్ని బడికి దింపాడు, అందులోనే ఆర్డిస్‌కి డ్రైవింగ్ నేర్పాడు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని “జీపు జాగ్రత్తరా” అన్నాడు. అమ్మ గురించి కూడా అంత గట్టిగా చెప్పలేదు. ముఖ్యంగా దేన్నీ విప్పొద్దు.

ఇట్లు,
ఎల్డన్

తా.క. అనుమతి అడిగాక కొనాలి. కొన్నాక అడిగేదాన్ని సమాచారం అంటారు.


మోయాబ్
జనవరి 12, 1997

పూజ్యులు బావగారికి,

నమస్కారాలు. మీ మాట ప్రకారం టైర్లు మాత్రమే మార్చాను.

అయితే అవి ముప్పై ఏడు అంగుళాల టైర్లు కావడంతో మడ్‌గార్డులకి తగిలాయి. కాబట్టి మడ్‌గార్డులు కోశాను. ఆ బరువుకి పాత ఇరుసులు ఆగవన్నారు. కాబట్టి ఒక లారీ ఇరుసులు వేశాను. ఆ ఇరుసులకి పాత కమానులు సరిపోలేదు. కాబట్టి వాటినీ మార్చాను. తలుపులు ఉంటే పక్కకి వంగి చూసినా చక్రం కనపడటం లేదు, కాబట్టి తీసేశాను. మనుషులు కూర్చునే చోట చుట్టూ ఇనపగొట్టాలతో పంజరం కట్టాను. ఇంజను జోలికి పోలేదు, ఇంకో ఇంజను దొరికేదాకా పోను.

గేర్లు మార్చాక బండి బ్రహ్మాండంగా తయారైంది. మొన్న మైలున్నర వెళ్లడానికి మూడు గంటల పైన పట్టింది! టైర్లలో గాలి ముప్పావు వంతు తీసేశాక ఇంకా నెమ్మదిగా వెళుతోంది. నాకెంత ఆనందంగా ఉందో చెప్పలేను.

ఆర్డిస్ ముందు నిలబడి “ఎడమకి, కుడికి, ఆగు, ఆగమన్నానా” అని చేత్తో చూపిస్తోంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంట్లో చేస్తున్న పనే కాబట్టి కొత్తగా నేర్చుకోవలసి రాలేదు.

ఇట్లు,
లవార్

తా.క. నిన్న అత్తగారి మీదికి ఎక్కించాను. సగం ఎక్కాక జారింది. వచ్చే వారం మళ్లీ ఎక్కిస్తాను.


బ్రోకెన్ బో
జనవరి 20, 1997

లవార్ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి నిలబడి చదివాను.

మా అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. బతికుండగా మిమ్మల్ని ఏనాడూ చిన్న మాట అనలేదు. ఆవిడ మీదికి జీపు ఎక్కించడమంటే ఏమిటి? సమాధి ఇక్కడ మా ఊళ్లో ఉంది. పరుగున వెళ్లి చూసి వచ్చాను, బాగానే ఉంది. మరి మీరు ఎక్కించినది ఎవరి మీద?

ఇక జీపు సంగతి. మైలున్నరకి మూడు గంటలా? మా ముసలి ఆవు దారిలో మేసుకుంటూ వెళ్లినా అంతకన్నా ముందే చేరుతుంది. కార్బరేటర్లో చెత్త చేరి ఉంటుంది. మెకానిక్‌కి చూపించండి. పాడైపోయిన బండిని చూసి ఆనందిస్తున్న మనిషిని కూడా ఎవరికైనా చూపించండి.

నా చెల్లెల్ని పంజరంలో ఎందుకు కూర్చోబెట్టారు?

ఎల్డన్

తా.క. టైర్లలో గాలి లేదన్నారు కదా. పార్సెల్లో పంపు పంపిస్తున్నాను.


మోయాబ్
ఫిబ్రవరి 2, 1997

పూజ్యులు బావగారికి,

పంపు అందింది. చాలా మంచి పంపు. గాలి తీయడానికి పనికిరాదు.

బావగారూ, అత్తగారంటే మా అత్తగారు కాదు. మిట్టకి వెళ్లే దారిలో ఛాతీ ఎత్తున అడ్డంగా ఉన్న ఒక రాతి మెట్టు. ఎవర్నీ ఓ పట్టాన లోపలికి రానివ్వదని మా ఊరివాళ్లు దానికి ఆ పేరు పెట్టారు. నెమ్మది కూడా జబ్బు కాదు. రాళ్ల మీద తొందరపడితే బండి విరుగుతుంది, అందుకే ఏరికోరి నెమ్మదిగా వెళ్లే గేర్లు వేయించాను. గాలి తగ్గిస్తేనే టైర్లు రాళ్లని గట్టిగా పట్టుకుంటాయి.

పంజరం అవసరమే అని మొన్న తేలింది. అత్తగారి మీంచి జీపు వెనక్కి దొర్లి వెల్లకిలా పడింది. నేను బెల్టులకి తలకిందులుగా వేలాడుతున్నాను. ఆర్డిస్ వంగి చూసింది.

“దెబ్బలేమైనా తగిలాయా?”

“లేదు.”

“మరి దిగవేం?”

“ఆలోచిస్తున్నాను.”

“నేను ఆగమన్నప్పుడు ఆలోచించాల్సింది,” అంది.

ఇంటికొచ్చాక జీపు చుట్టూ ఒకసారి తిరిగి, “పోనీలెద్దూ, ఆ పూలు ఫొటోల్లో చూసుకోవచ్చు,” అంది. ఆ మాటతో నాకు పట్టుదల ఎక్కువైంది. చాసిస్, అంటే బండి అడుగు చట్రం, వంగింది కాబట్టి కొత్తది వెల్డింగ్ చేస్తున్నాను. ఏప్రిల్లో మీరూ రండి.

ఇట్లు,
లవార్

తా.క. మామగారి జీపులో స్పీడోమీటరు భద్రంగా ఉంది. దాని ముల్లు కదలడం మాత్రం ఎవరూ చూడలేదు.


బ్రోకెన్ బో
ఫిబ్రవరి 10, 1997

లవార్ గారికి,

చాసిస్ కూడా మార్చారంటే ఇక మిగిలింది ఏమిటి? వస్తున్నాను. ట్రెయిలర్‌తో వస్తున్నాను. మిగిలిన జీపు ఎంతుంటే అంత ఇంటికి తెచ్చుకుంటాను. తరవాత మన మధ్య ఉత్తరాలు ఉండవు.

ఎల్డన్

తా.క. ఆర్డిస్‌కి ఇష్టమని మిఠాయి రొట్టెలు చేయించి తెస్తున్నాను. మీకు కాదు.


బ్రోకెన్ బో
ఏప్రిల్ 29, 1997

ప్రియమైన బావ లవార్‌కి,

ఎల్డన్ ఆశీస్సులు. క్షేమంగా చేరాను. ట్రెయిలర్ కూడా క్షేమం, ఖాళీగా.

నీకు ఒక సంగతి చెప్పాలి. మనం మిట్టకి వెళ్లిన రోజు నువ్వు స్టీరింగ్ దగ్గర, ఆర్డిస్ నీ పక్కన బయటికి వంగి చక్రం చూస్తూ, నేను వెనక. ముందు చక్రాలు అత్తగారి మీదికి ఎక్కేసరికి నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. అంతలో బండి లోయ వైపుకి ఒరిగింది. “అన్నయ్యా, కళ్లు మూసుకున్నావా?” అంది ఆర్డిస్. “ప్రార్థన చేస్తున్నాను,” అన్నాను. అది ప్రార్థన కాదు, బేరం. ప్రాణాలతో దించితే లవార్‌కి నిజం చెప్పేస్తానని దేవుడికి మాటిచ్చాను. ఆయన తన వంతు చేశాడు.

పైకి చేరాక మన ఆర్డిస్ ఆ ముళ్లపొదల పక్కన రాతి మీద కూర్చుని గంటసేపు ఆ పూలనే చూసింది. పుట్టిన దగ్గర్నించీ తను అంతసేపు ఎవరికీ ఏ పనీ చెప్పకుండా ఉండటం నేను చూడలేదు. నువ్వు దూరంగా నిలబడి జీపుని చూస్తున్నట్టు నటిస్తున్నావు. కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ క్షణానే ట్రెయిలర్ సంగతి వదిలేశాను.

ఇక నిజం. నాన్న జీపు మీ ఇంట్లో లేదు. ఇక్కడ మా ఊరి దగ్గర లూప్ నది అడుగున ఉంది.

అరవై ఎనిమిది జనవరిలో నేను స్నేహితులతో పందెం కట్టి దాన్ని గడ్డకట్టిన నది మీదికి తోలాను. మంచు విరిగింది. నేను ఈదుకుంటూ వచ్చాను, అది రాలేదు. నాన్న నన్ను కొట్టలేదు. “మీ అమ్మకి తెలిస్తే ఇద్దరం పశువుల కొట్టంలో పడుకోవాలి,” అన్నాడు. రంగు వేయించడానికి ఇచ్చామని అమ్మకి చెప్పి, వారం రోజులు మూడు జిల్లాలు తిరిగి, సరిగ్గా అలాంటి పచ్చ జీపుని టర్కీ కోళ్లు పెంచే ఒకాయన దగ్గర కొన్నాం. ఈకలు దులపడానికే రెండు రోజులు పట్టింది. నాన్న ఆదివారాలు తుడిచింది ముద్దుకొద్దీ కాదు, వాసనకి.

నేను విప్పొద్దని గోల పెట్టింది భక్తితో అనుకున్నావు. భయంతో. చాసిస్ మీద నంబరు నాన్న కాగితాల్లో నంబరు కాదు. నువ్వు చూసి అడుగుతావని ఆరు నెలలు నాకు సరిగా అన్నం సయించలేదు. నువ్వేమో నంబరు కూడా చూడకుండా కోసి పారేశావు. నీలాంటి అజాగ్రత్త మనిషి మా ఇంటి అల్లుడైనందుకు దేవుడికి కృతజ్ఞతలు.

కాబట్టి ఆ ఇంజను కూడా మార్చుకో. మా నాన్నది ఏదీ పాడుకాదు.

నీ బావ,
ఎల్డన్

తా.క. ఆర్డిస్‌కి నువ్వే చెప్పు, నాకు ధైర్యం లేదు. అత్తగారి మీంచి దిగేటప్పుడు చెప్పు. అప్పుడు తన రెండు చేతులూ గొట్టాన్ని పట్టుకుని ఉంటాయి.