నాణెమంత జుట్టు

ఫిబ్రవరి 3, సోమవారం

కొత్త ట్రయల్ మొదలైంది. ఈసారి జుట్టూ గోళ్లూ. మొలకెత్తిన గోధుమల నుంచి ఏదో సారం తీసి క్యాప్సూల్ చేశారు ఒక కంపెనీ వాళ్లు. మింగితే జుట్టు ఒత్తుగా వస్తుందట, గోళ్లు విరగవట. నిజమో కాదో చూడటం మా సెంటర్ పని. లెక్కపెట్టడం నా పని.

తలలో నాణెమంత మేర వెంట్రుకలు కురచగా కత్తిరిస్తాను. రంగు వేసి ఫొటో తీస్తాను. కంప్యూటర్ మీద పెద్దది చేసి ఒక్కో వెంట్రుకకీ ఒక చుక్క పెడతాను. మూడేళ్లుగా ఇదే బతుకు. నాకేమో చెవుల పక్కన తప్ప జుట్టనేది లేదు. వచ్చినవాళ్లలో సగం మంది నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోతారు. గుండు సార్ అని పేరు పెట్టారని నర్సు చెప్పింది. మిఠాయి కొట్లో షుగరు పేషెంటుని కూర్చోబెట్టినట్టుంది మీ ఉద్యోగం అంటుంది మా ఆవిడ.

సగం మందికి అసలు క్యాప్సూల్. మిగతా సగానికి మొక్కజొన్న పిండి నింపిన ఉత్తుత్తి క్యాప్సూల్. రంగూ సైజూ ఒకటే. ఎవరికి ఏది వెళ్తోందో నాకూ తెలీదు, ట్రయల్ నడిపే డాక్టరమ్మకీ తెలీదు. ఆ కోడ్ కంప్యూటర్లో ఎవరూ తెరవకుండా ఉంటుంది.

సేఫ్టీ గురించి కంపెనీ ఇచ్చింది ఒకటే పేజీ. మనుషులు వేల ఏళ్లుగా తింటున్న ధాన్యం, భయపడాల్సింది లేదు అని. ప్రొటీన్ అంతా తీసేసిన శుద్ధమైన సారం అని కూడా.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇవాళ వచ్చినవాళ్లలో ఒకావిడ టైలరు. గౌన్లు, పెళ్లి బట్టలు కుడుతుంది. తలకి స్కార్ఫ్. తీయమంటే తలుపు వేశారా అని రెండుసార్లు అడిగింది. తీశాక, ఎందుకడిగిందో అర్థమైంది. పాపిట రెండు వేళ్ల వెడల్పుంది.

గోళ్లు పొరలు పొరలుగా లేచిపోయాయి. శాటిన్ మీద చెయ్యి వేస్తే దారం లాగేస్తోందట. వేళ్లకి ప్లాస్టర్ చుట్టుకుని కుడుతోందట. అదైనా ఓర్చుకుంటాను గానీ, గౌను అంచు కొలవడానికి నేల మీద కూర్చుంటే అది వేసుకున్నావిడ పైనుంచి నా నెత్తి చూస్తుంది అన్నయ్యా, అది ఓర్చుకోలేను అంది. కొలతలు చెల్లెలికి అప్పజెప్పిందట. చెల్లెలు కొలిచినవి ఒక్కటీ ఒంటికి సరిపోవట.

నన్ను చూసి మాత్రం ఆగిపోలేదు. మీకూ ఇవ్వలేదా వీళ్లు, అని అడిగింది.

మార్చి 5, బుధవారం

టైలరమ్మ మొదటి నెల ఫొటో. రాలడం చాలా తగ్గిందట. దువ్వెన చూస్తే తనకే ఆశ్చర్యంగా ఉందట. మొహం వెలిగిపోతోంది. కొలతలకి మళ్లీ తనే వెళ్తున్నానంది.

నా చుక్కలు అలా చెప్పలేదు. పోయిన నెలకన్నా తొమ్మిది తక్కువ. అది చెప్పకూడదు, రూలు. చాలా మంచిదమ్మా అన్నాను. ఏది మంచిదో చెప్పలేదు.

మార్చి 19, బుధవారం

మా ఆవిడ ఆ క్యాప్సూళ్లు ఒక డబ్బా తెచ్చిపెట్టమంది. తన కోసం కాదట.

ఏప్రిల్ 8, మంగళవారం. సాయంత్రం ఐదు

టైలరమ్మ మెట్లెక్కుతూ గోడ పట్టుకుంది. బాగా చిక్కిపోయింది. పెదవులు పాలిపోయాయి. కుర్చీలో కూర్చున్నాక మంచినీళ్లు అడిగి గ్లాసు ఖాళీ చేసింది.

మీ దగ్గర కాబట్టి చెబుతున్నాను అన్నయ్యా అంటూ మొదలుపెట్టింది. కడుపు ఉబ్బరం, నీళ్ల విరేచనాలు, మిషన్ తొక్కితే కాళ్లు వణుకు. ఎప్పటినుంచో కొంచెం కొంచెం ఉండేదట, ఈ మధ్య ముదిరిందట. పెళ్లిళ్ల ఆర్డర్లు, మిషన్ దగ్గర్నుంచి లేవడానికి టైము లేదట. బన్నులూ బిస్కెట్లూ తిని నెట్టుకొస్తోందట. ఇదంతా చెప్పి, రాయొద్దు అంది.

రాస్తే క్యాప్సూల్ ఆపేస్తారని భయం. ఆపితే జుట్టు మళ్లీ ఊడుతుందని భయం. ఇన్నాళ్లకి ఒకటి పని చేస్తోంది, దాన్ని చెడగొట్టకండి అని బతిమాలింది.

నాకు రెండు దారులూ కనిపించాయి. రాయకపోతే ఎవరికీ తెలీదు. ఆవిడ సంతోషంగా వెళ్తుంది.

రాయాలమ్మా అన్నాను. ఆవిడ కళ్లముందే రాశాను. చాటున రాయడం నాకు నచ్చలేదు.

అన్నయ్యా అని పిలిచినందుకు బాగా బుద్ధి చెప్పారు అంది. లేచి వెళ్లిపోయింది. స్కార్ఫ్ కట్టుకోవడం కూడా మర్చిపోయింది. కిటికీలోంచి చూశాను. సందు మలుపు దాకా అలాగే నడిచింది.

ఏప్రిల్ 9, బుధవారం

కంపెనీ ఆయన వచ్చాడు. ఎప్పుడూ నవ్వుతుంటాడు, పళ్లు బాగుంటాయి. రిపోర్టులో 'క్యాప్సూల్‌తో సంబంధం లేదు' అనే గడిలో టిక్కు పెట్టమన్నాడు. ఆవిడ బయటి తిండి తిని ఉంటుందన్నాడు. లోకమంతా పొద్దున్నే తినేది గోధుమే కదండీ, అందులో ఏముంటుంది అన్నాడు.

డాక్టరమ్మ 'తెలీదు' అనే గడిలో పెట్టింది. రక్తం పరీక్ష అయ్యేదాకా అది మారదంది.

నిన్నటి నుంచీ టైలరమ్మ ఫోనెత్తడం లేదట. డాక్టరమ్మే ఇంటికి వెళ్లింది.

ఏప్రిల్ 10, గురువారం

టైలరమ్మ వచ్చి రక్తం ఇచ్చి వెళ్లింది. నా గది ముందునుంచే వెళ్లింది. తల తిప్పలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

రక్తం సగానికి సగం తక్కువ. ఐరన్ ఉందా అంటే ఉంది అన్నట్టుంది. గోధుమ మీద ఒంట్లో యుద్ధం జరుగుతోందని ఇంకో పరీక్షలో తేలింది. రూఢి చేసుకోవడానికి పెద్దాసుపత్రిలో గొంతులోంచి గొట్టం వేసి పేగు ముక్క తీసి చూశారు. అదే.

దాన్ని సీలియాక్ అంటారట. గోధుమలో ఉండే ప్రొటీన్ కొందరికి పేగుల్ని పాడుచేస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. ఐరన్ అందదు. అందక జుట్టు రాలుతుంది, గోళ్లు పొరలు లేస్తాయి. జుట్టు కోసం మా దగ్గరికి వచ్చింది. జుట్టు రాల్చే ధాన్యాన్నే మేం క్యాప్సూల్లో పెట్టి ఇచ్చామా?

ఇలాంటప్పుడు ఒక్క మనిషి కోడ్ తెరవొచ్చు. డాక్టరమ్మ తెరిచింది. నేను పక్కనే నిలబడ్డాను.

మొక్కజొన్న పిండి.

ఆవిడకి మేమిచ్చినదాంట్లో గోధుమ రేణువు కూడా లేదు. పాడుచేసింది బన్నులూ బిస్కెట్లూ.

ఊపిరి పీల్చుకున్నాను. పీల్చుకోవాల్సింది కాదేమో.

ఏప్రిల్ 28, సోమవారం

డాక్టరమ్మ చెబుతున్నంతసేపూ టైలరమ్మ తల ఊపుతూ విన్నది. అయ్యాక నా గదిలోకి వచ్చింది. కూర్చోలేదు. మరి మొదటి నెలలో రాలడం ఆగింది కదా, అది మొక్కజొన్న పిండి వల్లా, అని అడిగింది.

అప్పుడు చెప్పాను. ఆగలేదమ్మా, తొమ్మిది వెంట్రుకలు తగ్గాయి అని.

నేను దువ్వెనలో కళ్లారా చూశాను కదా అంది. ఆ తర్వాత నవ్వింది. ఏడుపు మొహంతోనే. ఇకనుంచి ఏం తిని బతకాలి అన్నయ్యా, అంది.

మళ్లీ అన్నయ్యా అంది. ఆ మాట రాసుకోవాలనిపించింది, రాశాను.

మే 2, శుక్రవారం

కంపెనీ ఆయన పండగ చేసుకుంటున్నాడు. చూశారా, మా క్యాప్సూల్ నిర్దోషి అన్నాడు. కోర్టు గెలిచినవాడిలా అందరి చేతులూ ఊపాడు.

డాక్టరమ్మ ఒక్క మాట అడిగింది. కంప్యూటర్ లాటరీలో ఆవిడకి అసలు క్యాప్సూల్ తగిలి ఉంటే? ఆయన, మాది శుద్ధమైన సారం, ప్రొటీన్ ఉండదు, పేజీలో ఉంది చూడండి అన్నాడు. పేజీ చూశాను, లోపల చూడలేదు అంది డాక్టరమ్మ.

మధ్యాహ్నం ఆయన దగ్గరే అసలు క్యాప్సూళ్ల డబ్బా ఒకటి తీసుకుని, విప్పకుండా ల్యాబుకి పంపింది. వాలంటీర్లందరికీ రక్తం పరీక్ష కూడా రాసింది. రక్తం ఫలితాలు వచ్చేదాకా ఎవరూ మింగకూడదంది.

మే 14, బుధవారం

మిగతా ఎవరికీ ఆ జబ్బు లేదు. మళ్లీ మొదలుపెట్టాం.

జూన్ 17, మంగళవారం

ల్యాబు రిపోర్టు వచ్చింది. ప్రొటీన్ ఉంది. ఎక్కువేం కాదు. మామూలు మనిషికి ఏమీ కాదు. టైలరమ్మలాంటి మనిషి రోజూ మింగితే పేగు మానదు.

కంపెనీ ఆయన మొదటిసారి నవ్వకుండా కూర్చున్నాడు. ఆ బ్యాచ్ ఏదో తేడాగా వచ్చి ఉంటుందన్నాడు. అప్పటికే ఇంకో బ్యాచ్‌దీ పంపి ఉన్నాం, దాని రిపోర్టూ దీంతోపాటే వచ్చింది. అందులోనూ ఉంది.

డబ్బా మీద హెచ్చరిక రాయాలని డాక్టరమ్మ ఎథిక్స్ కమిటీకి పెట్టింది. 'ధాన్యం సహజ శక్తి' అనేదే మా మొదటి మాటండీ, దాని కిందే 'జాగ్రత్త' అని రాస్తే ఎవడు కొంటాడు అన్నాడాయన. ఆ ప్రశ్నకి సమాధానం మా సెంటర్ పని కాదు అంది డాక్టరమ్మ.

నేను కాఫీ కలిపి ఇద్దరికీ ఇచ్చాను. ఇద్దరూ తాగలేదు.

ఆగస్టు 29, శుక్రవారం

చుక్కలన్నీ అయిపోయాయి. కళ్లు మండుతున్నాయి. ఇవాళ మొత్తం కోడ్ తెరిచారు.

క్యాప్సూల్ వాళ్లకి నాణెమంత చోటులో సగటున ఆరు వెంట్రుకలు పెరిగాయి. పిండి వాళ్లకి ఐదు. గోళ్లలో అసలు తేడానే లేదు. స్టాటిస్టిక్స్ చూసే లెక్కలాయన, ఆ ఒకటిని తేడా అనరు అన్నాడు.

పిండి మింగినా ఎలా పెరిగాయి అని అడిగాను. బాగా రాలుతున్నప్పుడే జనం మన దగ్గరికి వస్తారు, ఏం చెయ్యకపోయినా కొన్నాళ్లకి కొంచెం తగ్గుతుంది అంది డాక్టరమ్మ. టైలరమ్మ దువ్వెన గుర్తొచ్చింది.

కంపెనీ ఆయన మాత్రం ఆరు పెరిగాయి కదా అంటున్నాడు. ఐదు సంగతి ఎత్తడం లేదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

టైలరమ్మ ఫాలో-అప్‌కి వచ్చింది. ట్రయల్‌లో లేదు గానీ ఆరోగ్యం కోసం డాక్టరమ్మ చూస్తూనే ఉంది. స్కార్ఫ్ లేదు. బుగ్గలు వచ్చాయి. గోళ్ల మొదళ్ల నుంచి సగం దాకా నున్నగా ఉన్నాయి. కొస మాత్రం పాతది.

ఫొటో తీశాను. యాభై మూడు పెరిగాయి. మూడేళ్లలో ఇంత ఎప్పుడూ చూడలేదు. ఒకటి రెండుసార్లు లెక్క తప్పాననుకుని మళ్లీ పెట్టాను.

ఈసారి నంబరు ఆవిడకి చెప్పాను. రూలు లేదు కదా. ఏదీ, చూపించండి అంది. తెర మీద చుక్కలు చూసి, పూసల పని చేసిన గౌనులా ఉంది అంది.

సెప్టెంబర్ 16, మంగళవారం

కంపెనీ ఆయన, అన్నిటికన్నా బాగా పెరిగిన తల ఫొటోలు కావాలన్నాడు. ముందు, తర్వాత. రోడ్డు మీద పెట్టే పెద్ద ప్రకటన బోర్డుకి. ఇక్కడ బాగా పెరిగింది ఒక్కటే తల, ఆవిడ మీ క్యాప్సూల్ ముట్టలేదు అన్నాను. మా స్టడీలో వాలంటీరే కదా, అంతవరకే రాస్తాం, అబద్ధం ఏముంది అన్నాడు.

ఆవిడ ఒప్పుకోకుండా ఇవ్వకూడదన్నాను. అయితే నేనే అడుగుతాను అన్నాడు. మళ్లీ నవ్వు వచ్చేసింది ఆయనకి.

సెప్టెంబర్ 18, గురువారం. రాత్రి తొమ్మిది

టైలరమ్మ నా గదికి వచ్చింది. బోర్డు మీద తన షాపు పేరు కూడా వేస్తామన్నారట. బస్సులు ఆగే చోట, అంత ఎత్తున. చెల్లెలు ఎగిరి గంతేసిందట.

వాలంటీర్‌ని అన్నది నిజం, జుట్టు వచ్చిందన్నది నిజం, మరి ఎక్కడ తప్పు అన్నయ్యా అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. షాపుకి అంత పేరు ఇంకెలా వస్తుంది?

నీ తల, నీ ఇష్టం అన్నాను. ఆ మాట నాకే చేతకానిదిలా వినిపించింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కూర తరుగుతున్న కత్తి ఆపింది. ఆ బోర్డు చూసి ఆవిడలాంటిదే ఇంకొకతె కొనుక్కుని మింగితే, అంది. ఫోన్ చేసి ఈ మాట టైలరమ్మకి చెప్పాను. అటునుంచి మిషన్ చప్పుడు ఆగింది. సరే అన్నయ్యా అని పెట్టేసింది. ఏది సరేనో తెలీలేదు.

సెప్టెంబర్ 22, సోమవారం

సంతకాలకి కంపెనీ ఆయన కాగితాలు పట్టుకుని మా సెంటర్‌కే వచ్చాడు. టైలరమ్మ వచ్చింది. మంచి బట్టలు వేసుకుంది. కాగితం చదివింది. అభ్యంతరం లేదంది.

ఒక్క మాట కలపాలంది. ఫొటో కింద 'గోధుమ మానేశాక' అని రాయించండి. అంతే. షాపు పేరు చిన్నగా వేసినా పర్వాలేదు, ఆ మాట మాత్రం పెద్దగా ఉండాలి.

ఆయన నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కాసేపు దాన్ని అలాగే ఉంచుకున్నాడు. పైవాళ్లని అడిగి చెబుతానని కాగితాలు సర్దుకున్నాడు. కలం ఇక్కడే మర్చిపోయాడు.

ఆయన వెళ్లాక ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. బోర్డు చాలా పెద్దదట అన్నయ్యా, అంది. కాసేపటికి టేపు తీసి నా భుజాలు కొలిచింది. ఆ చొక్కా ఎవరు కుట్టారు, చేతులు నరికెయ్యాలి అంది.

అక్టోబర్ 9, గురువారం

పైవాళ్ల దగ్గర్నుంచి కబురు లేదు. బస్సులు ఆగే చోట షాంపూ బోర్డు పడింది.

నవంబర్ 24, సోమవారం

కొత్త ట్రయల్ వచ్చింది. అదే కంపెనీ, అదే క్యాప్సూల్. ఈసారి మోకాళ్లకట.

డబ్బా తిప్పి చూశాను. అడుగున, చీమ తలకాయంత అక్షరాలు. కళ్లజోడు తీసి డబ్బాని ముక్కుకి ఆనించుకుని చదివాను.

జాగ్రత్త, గోధుమ అని ఉంది.