కార్తీకంలో ఇప్పపువ్వు కేకు

2 నవంబర్ 2025, ఆదివారం

ఈ పులిసిన పిండితో ప్రాణం విసిగిపోయింది. దసరాకి చెల్లెలు భానుశ్రీ వైజాగ్‌లో కిరండూల్ రైలెక్కి, ఒళ్లో గాజు సీసా పెట్టుకుని మా ఇనుపగని కాలనీకి వచ్చింది. సోర్‌డో స్టార్టర్ అంది. రోజూ కాస్త పిండీ నీళ్లూ పోస్తే చాలు, ఈస్ట్ కొనకుండా బ్రెడ్ చేసుకోవచ్చు అంది. అదీ నిజమే, పోసినకొద్దీ పొంగుతోంది. కానీ పోసే ముందు ప్రతిసారీ సగం తీసి పారెయ్యాలట. దాన్ని డిస్కార్డ్ అంటారట. పిండి పారెయ్యడానికి ఓ పేరు కూడానా! అట్లపిండి గిన్నె కడిగిన నీళ్లతో కూడా ఇంకో అట్టు పోసేది మా అమ్మ.

పారెయ్యడానికి చెయ్యి రాక ఫ్రిజ్‌లో దాచాను. రెండు సీసాలు నిండాయి. పక్క క్వార్టర్ అన్నపూర్ణమ్మ గారిది భోపాల్‌పట్నం. పొద్దున వచ్చి ఫ్రిజ్ చూసి, ఏంది బిడ్డా, గింత పిండి పులవెట్టినవ్, ఊరందరికి బంతి పెడుతున్నవా అని నవ్వింది.

యూట్యూబ్‌లో చూశాను. ఈ డిస్కార్డ్ వేస్తే గుడ్డు లేకుండానే మసాలా కేకు పొంగుతుందట. కార్తీకమాసం కాబట్టి ఇంట్లో గుడ్డు ఎలాగూ లేదు. ఒక్కటే ఇబ్బంది. వాళ్లు కిస్‌మిస్‌ని రమ్‌లో నానబెట్టమన్నారు. మా ఇంట్లో ఆ మాట పైకి అనకూడదు.

3 నవంబర్

ఎందుకు అనకూడదో రాసుకుంటాను. ఇది ఎవరూ చదవరు కదా.

ఈయన కొండ మీద గనిలో డంపర్ నడుపుతాడు. ఇల్లంత బండి. వెనక్కి నడిపేటప్పుడు కింద ఒక మనిషి నిలబడి చెయ్యూపుతూ దారి చూపించాలి. ఈయనకి చూపించేది ఆయతు అని, ఇక్కడి ఊరివాడే. పోయినేడు దీపావళి మర్నాడు ఈయన తాగి డ్యూటీకెళ్లాడు. ఆయతు పక్కకి దూకాడు కాబట్టి మోచెయ్యి విరగడంతో పోయింది. దూకకపోతే మనిషే పోయేవాడు.

ఇంకోసారి పట్టుబడితే ఉద్యోగం లేదన్నారు. ఉద్యోగం లేకపోతే ఈ క్వార్టర్ లేదు, మా పాప అమ్ము స్కూలు లేదు. అప్పటి నుంచి ఈయన ముట్టలేదు. కొండ ఎక్కే గేటు దగ్గర రోజూ కొందరిని ఆపి మెషిన్‌లో ఊదిస్తారు. ఈయన్ని ఆపిన ప్రతిసారీ జీరో. అయినా నాకు ప్రతి పొద్దూ గండమే.

ఈ నెలంతా పులిసినదేదీ నోట పెట్టనని మొక్కుకున్నాను. అట్లు లేవు, ఇడ్లీ లేదు, పెరుగు కూడా మానేశాను. మొక్కు ఎవరి కోసమో వేరే చెప్పాలా.

5 నవంబర్, పౌర్ణమి

సంతలో బుధ్రి దగ్గర ఎండిన ఇప్పపువ్వు కొన్నాను. కిస్‌మిస్‌కి బదులు ఇదే నయం, నమిలితే ఖర్జూరంలా తియ్యగా ఉంటుంది. ఇప్పుడు దాంతో లడ్డూలు కూడా చేసి అమ్ముతున్నారు. బుధ్రి తూస్తూ, భట్టీ కే లియే క్యా దీదీ అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. బట్టీ పెట్టి కాస్తేనే కదా సారా. పువ్వేం పాపం చేసింది?

సీసాలో పువ్వు వేసి, మునిగేదాకా బెల్లం పాకం పోసి, శొంఠి, లవంగం, దాల్చినచెక్క దంచి వేశాను. పైన రెండు గరిటెలు ఈ డిస్కార్డ్ కలిపాను. రమ్ చేసే పని ఆ పులుపు చేస్తుందని నా లెక్క. అనకాపల్లిలో మేం ఊరగాయ పెట్టే పద్ధతే. వాసెన కట్టి అటక మీద పెట్టాను. మూడో రోజు తిరగకలపాలి. ఊరేకొద్దీ రుచి.

8 నవంబర్

తిరగకలిపాను. బుస్సున నురగ వచ్చింది. ఆవకాయ కూడా ఇలాగే పొంగుతుంది. లవంగం ఘాటుకి ఇంకే వాసనా తెలియడం లేదు. రుచి చూద్దామంటే మొక్కు.

16 నవంబర్, ఆదివారం

కేకు అయింది! మధ్యలో కరెంటు పోయినా పొంగింది. రంగు చూస్తే ఈ కొండ మట్టే, నల్లెరుపు. చల్లారాక పుల్లతో పొడిచి, సీసాలో పాకం పైన పోశాను. ఆరిపోకుండా రోజూ కాస్త పోస్తూ ఉండాలట.

అమ్ము కారంగా ఉందని ఉమ్మేసింది. ఈయన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. బాగాలేదా అన్నాను. నా ముఖంలోకి చూశాడు. ఏటి పెట్టావే ఇందులో అన్నాడు. శొంఠి, లవంగం అన్నాను. ఇప్పపువ్వు మాట ఎత్తలేదు, ఎందుకొచ్చిన గొడవ. నీకెలగుంది అన్నాడు. నాకు మొక్కు కదా, నేను తినలేదు అన్నాను. ఇంకో ముక్క పెట్టు అన్నాడు.

17 నవంబర్

టిఫిన్ డబ్బాలో అడిగి మరీ పెట్టించుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో నా వంట డబ్బాలో ఇంకాస్త పెట్టు అన్నది ఇదే మొదలు.

18 నవంబర్

సీసాలో పాకం తరగడం లేదు. కేకు మీద పోస్తూనే ఉన్నాను, అంతే ఉంటోంది. అక్షయపాత్ర దొరికింది నాకు. కాస్త పల్చబడింది, పువ్వు నీరు విడిచింది కాబోలు.

ఈయన నాకంటే ముందే లేచి వంటింట్లో లైటు వేసుకుంటున్నాడు. నీ కేకు తినకండా కొండెక్కబుద్ధి కాట్లేదే అన్నాడు. కొత్త పెళ్లికూతురిలా మురిసిపోయాను. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా రాశాను.

19 నవంబర్, పొద్దున్న 9 గంటలు

సెక్యూరిటీ జీపు గుమ్మం ముందు ఆగింది.  ఏదో అయిందనుకున్నాను. ఈయనే దిగాడు, కాళ్లూ చేతులూ అన్నీ బాగానే ఉన్నాయి. గేటు దగ్గర ఊదితే మెషిన్ మోగిందట. నోరు కడిగించి, చాలాసేపు కూర్చోబెట్టి మళ్లీ ఊదించారట. మళ్లీ మోగిందట. ఎంక్వైరీ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు.

ఎక్కడ తాగావ్ అన్నాను. ఎక్కడికీ ఎల్లలేదు, ఎవుడూ పొయ్యలేదు అన్నాడు. అంతే, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

20 నవంబర్

కంచం బల్ల మీద పెట్టి వచ్చేశాను.  నాన్నకి జ్వరమా అని అమ్ము అడిగితే, అవును అన్నాను.

అన్నపూర్ణమ్మ గారి దగ్గర ఏడ్చాను. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే, ఆవిడ భర్త తాగి తాగే పోయాడు. తాగినోడి మాట నీళ్ల మీద రాత బిడ్డా, నువ్వు పిల్ల సంగతి సూసుకో అంది. పుట్టింటికి వెళ్లిపోతే ఎలా ఉంటుందా అని మొదటిసారి అనుకున్నాను. అమ్ము పరీక్షలు ఎప్పుడో కూడా చూశాను.

21 నవంబర్, పోలిపాడ్యమి

నాకు నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

చీకటితో లేచి అరటిదొప్పలో దీపాలు పెట్టి, ఏరు లేక టబ్బులోనే వదిలాను. మొక్కు తీరింది. ఆకలికి ఫ్రిజ్‌లో కేకు కనిపిస్తే ఓ ముక్క విరుచుకుని నోట్లో వేసుకున్నాను. వేసుకోగానే తెలిసింది. లవంగం కింద, శొంఠి కింద ఉన్నది అదే. తాగే రోజుల్లో ఈయన చొక్కాల వాసన. సీసా వాసెన విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, అదే. అన్నపూర్ణమ్మ గారిని పిలిచి వాసన చూడమన్నాను. వారీ, గిది సారకు పెట్టిన ఊటనే గద బిడ్డా, కాచుడొక్కటే తక్కువ అంది.

నేను పెట్టింది ఊరగాయ కాదు. ఇప్పపువ్వు, బెల్లం, పులిసిన పిండి. మొక్కు మొక్కి మరీ, నా అటక మీద నేనే సారాకి ఊట పెట్టాను. కాయకుండానే మత్తు వస్తుందని నాకేం తెలుసు?

ఈయన తాగలేదు! నా కేకు తిన్నాడు పాపం, అంతే. రెండు రోజులు కంచం విసిరినట్టు పెట్టాను. పరుగెత్తుకెళ్లి లేపి చెప్పాను, కాళ్ల మీద పడ్డంత పని చేశాను. ఈయన నవ్వలేదు. ముఖం పాలిపోయింది. ఆ సీసా పారబొయ్యి అన్నాడు. పొయ్యను, అదే మన సాక్ష్యం, ఎంక్వైరీకి నేనూ వచ్చి చెప్తాను అన్నాను. ఒద్దే, నువ్వు రాకు అన్నాడు. నా పరువు పోతుందని భయపడుతున్నాడు, పిచ్చి మనిషి. ఉద్యోగం పోతుంటే పరువు దేనికి?

24 నవంబర్

రేపే ఎంక్వైరీ. కేకు సగం మిగిలింది, డబ్బాలో పెట్టాను. హిందీలో ఏం చెప్పాలో అమ్ము ముందు రిహార్సల్ వేసుకున్నాను. ఈయన రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. ఏం భయం లేదు, నేనున్నాను కదా అన్నాను.

25 నవంబర్

అంతా రాయాలి, లేకపోతే తల పగిలిపోతుంది.

సేఫ్టీ ఆఫీసర్ మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. నేను కేకు డబ్బా బల్ల మీద పెట్టి, తప్పంతా నాది సార్, ఇందులో మత్తు ఉందని మాకిద్దరికీ తెలియదు అన్నాను. మాకిద్దరికీ అని గట్టిగా అన్నాను. ఆయన నవ్వి, చూద్దాం అని తనే ఓ ముక్క తిన్నాడు. మెషిన్‌లో ఊదాడు. మోగింది! నేను లేచి నిలబడ్డాను. దేవుడున్నాడు అనుకున్నాను.

ఆయన నోరు పుక్కిలించి, టీ తెప్పించి, కాసేపు నా ఊరి సంగతులు అడిగాడు. అనకాపల్లి బెల్లం గురించి కూడా అడిగాడు. తర్వాత మళ్లీ ఊదాడు. జీరో.

 కేకు ముక్కయితే పుక్కిలిస్తే పోతుంది బెహన్‌జీ, మీ ఆయనకి రెండోసారి కూడా పోలేదు అన్నాడు మెల్లిగా. ఈయన వైపు తిరిగి, ప్రసాద్, సచ్ బతావ్ అన్నాడు.

నేను ఈయన వైపు చూశాను. ఏదో ఒకటి చెప్పు అని మనసులో మొక్కుకున్నాను. అబద్ధమైనా సరే.

మొదటి ముక్కకే తెలిసింది సార్ అన్నాడు. నా ఆడదానికి తెలీదు, నాకు తెలిసింది అన్నాడు. రోజూ పొద్దున్నే సీసాలోది గ్లాసుతో తాగి, దానికి తెలీకండా నీళ్లూ బెల్లం పోసీవోణ్ణి అన్నాడు. నేను కొన్నది కాదు కదా, ఎవుడూ పోసింది కాదు కదా, ఇంట్లోదే కదా అని నాకు నేను సెప్పుకున్నాను అన్నాడు. ఆపేసి, మళ్లీ అన్నాడు: రెండు రోజులు అలగే బండి తోలాను సార్. ఎనక ఆయతు నిలబడతాడు. ఇంక నావల్ల కాదు.

అక్షయపాత్ర అని రాసుకున్నాను నేను. పెళ్లికూతురిలా మురిసిపోయాను అని రాసుకున్నాను.

ఇంటిదాకా ఈయనకి ముందు నడిచాను. వెనక్కి తిరగలేదు.

26 నవంబర్

కోపం తాగినందుకు కాదు. తాగుబోతు తాగుతాడు, అది నాకు కొత్త కాదు. నీ కేకు తినకండా కొండెక్కబుద్ధి కాట్లేదు అన్నాడు చూడు, అందుకు. సాక్ష్యం చెప్పడానికి నన్ను అంత దూరం నడవనిచ్చినందుకు.

సీసా పారబోశాను. భానుశ్రీ ఫోన్ చేసి స్టార్టర్ ఎలా ఉంది అంది. మంచివాళ్ల ఇళ్లలోనే బతుకుతుందట, చచ్చిపోయింది అన్నాను. దానికి అర్థం కాలేదు.

30 నవంబర్

ఆర్డర్ వచ్చింది. ఉద్యోగం ఉంది. డంపర్ లేదు. వర్క్‌షాప్‌లో టైర్ల సెక్షన్. వారానికోసారి హాస్పిటల్లో కౌన్సెలింగ్. నిజం చెప్పినందుకే ఈ మాత్రం మిగిల్చామని ఆఫీసర్ అన్నాడట. టైర్ల సెక్షన్‌కి పోయిన ఆపరేటర్ మళ్లీ స్టీరింగ్ పట్టినట్టు ఈ కాలనీలో ఎవరూ వినలేదు. ఈయన బూట్లు ముందేసుకుని తుడుస్తూ కూర్చున్నాడు, తుడిచినవే తుడుస్తూ.

4 డిసెంబర్

సాయంత్రం ఆయతు వచ్చాడు. ఈయన ఇంట్లో లేడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే కూర్చుని టీ తాగాడు. విరిగిన చెయ్యి ఇంకా పూర్తిగా చాపలేడు, గ్లాసు ఎడం చేత్తో పట్టుకున్నాడు.

నాకు మాలూమే భాభీ అన్నాడు. ఆ రెండు రోజులు క్యాబిన్ దగ్గరికెళ్తే వాసన వచ్చిందట. అందుకని మామూలు కంటే దూరంగా నిలబడి చెయ్యూపాడట. ఎందుకు చెప్పలేదు అన్నాను. చెప్తే భయ్యా నౌక్రీ పోతుంది, నీ ఘర్ పోతుంది, మున్నీ స్కూల్ పోతుంది అన్నాడు. నువ్వు పోతే అన్నాను.  టీ మంచిగుంది అని లేచాడు.

ఇన్నాళ్లూ నా ఇల్లు నిలబెట్టింది నా మొక్కు అనుకున్నాను. గడప మీద కూర్చుని ఏడ్చాను. ఈయన వచ్చి ఎందుకు అని అడిగితే, ఆయతు అన్న మాటలన్నీ చెప్పాను. ఈయన అన్నం తినలేదు. నేను బతిమాలలేదు.

11 డిసెంబర్

పొద్దున్న డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. వంగి నా ముఖం మీద ఊదాడు.

నేను అడగలేదు.

పేస్టు వాసన. వెళ్లు అన్నాను.