హేమీ కారు

శీనన్నా,

నమస్తే. నువ్వు పోయి ఏడాదిన్నర కావస్తోంది. ఇన్నాళ్ళూ నీకు ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా బాగోగులు చెప్పడానికి కాదు... సిగ్గుతో రాస్తున్నాను.

అయినా ముందు ఇంటి సంగతులు చెబుతాను. వదిన మళ్ళీ జీపీ సర్జరీలో, ఆ డాక్టర్ల దగ్గరే, రిసెప్షన్ పనికి వెళ్తోంది. డ్యూటీల రోటా ఎలా వేస్తే అలా, శనివారాలు కూడా. నీ కూతురు శ్రావ్య యూనివర్సిటీలో ఆఖరి ఏడాదికి వచ్చింది. నేను కార్డిఫ్‌లోనే ఉన్నాను, అదే ఆఫీసు, అదే కుర్చీ. బీపీ మాత్రలు మొదలయ్యాయి. నువ్వుంటే నవ్వేవాడివి.

ఇక నీ కారు... ఎక్కడ మొదలుపెట్టను?

ఆ పాత అమెరికా కారు ఛాలెంజర్‌ని నువ్వు స్టీవెనేజ్‌లో మీ ఇంటికి తెచ్చిన రోజు దానికి కాళ్ళ కింద ఫ్లోర్ కూడా లేదు. అమెరికాలో ఎవరో వానకు వదిలేసిన డొక్కు. ఊరి కౌన్సిల్‌వాళ్ళ గ్యారేజీ ఒకటి అద్దెకు తీసుకుని, ఫ్యాక్టరీలో షిఫ్టు దిగగానే నేరుగా అక్కడికే పోయేవాడివి. ఏళ్ళ తరబడి. రేకు నువ్వే కోశావు, నువ్వే అతికావు, చివరికి మామిడిపండు రంగు వేశావు. ఆ రంగుకు మామిడి పేరు పెట్టింది దాన్ని చేసిన అమెరికావాళ్ళేనని చెబితే నేను నమ్మలేదు.

నేను వచ్చినప్పుడల్లా టీ కప్పుతో ఆ గ్యారేజీలో స్టూలు మీద కూర్చునేవాడిని. స్పానర్ అందించమంటే తప్పుది అందించేవాడిని. నీ చేతులు పనిచేస్తుంటే నోరు కూడా ఊరుకునేది కాదు. ఏ ఇంజన్ తర్వాత ఏ ఇంజనో ఎన్నిసార్లు విన్నానో...

"ఆరు సిలిండర్లది ఒకటి, అది పాలు తెచ్చుకునేతందుకు. దాని మీద మూడొందల పద్దెనిమిది. ఇగ మూడొందల నలభై, మూడొందల ఎనభై మూడు, నాలుగొందల నలభై. అన్నింటికి మీదున్నది హెమీ."

ఆ అంకెలు ఇంజన్ సైజులనీ, అంకె పెరిగితే బలం పెరిగినట్టేననీ నువ్వే చెప్పావు. హెమీ మాత్రం వేరే జాతి అన్నావు, లోపల సగం బంతిలా తొలిచి ఉంటుందన్నావు. ఆ మోడల్ వచ్చిన మొదటి ఏడాది డెబ్బై వేల పైచిలుకు కార్లు చేస్తే, వాటిలో హెమీ పెట్టినవి నాలుగు వందలు కూడా లేవన్నావు. నాకు అవన్నీ ఎక్కాల్లా నోటికి వచ్చేశాయి. బానెట్ ఎత్తి చూసిన పాపాన మాత్రం ఎన్నడూ పోలేదు. చూసినా నాకేం తెలుస్తుంది?

ఇక్కడివాళ్ళు ఆ మాటను హెమీ అని పొట్టిగా తేల్చేస్తారు. నువ్వు ఒక్కోసారి వాళ్ళలాగే అనేవాడివి, ఒక్కోసారి దీర్ఘం తీసి హేమీ అనేవాడివి. మా అన్న యాస అంతే అనుకున్నాను. ఇన్నేళ్ళు ఇంగ్లండులో ఉండి కూడా ఒక్క ఇంగ్లీషు మాట తిన్నగా పలకడం రాలేదని లోలోపల కాస్త చిన్నచూపు కూడా ఉండేది అన్నా. నీ దగ్గర ఇప్పుడు దాచి ఏం చేసుకోను.

"ఇది హేమీ కారు తమ్మీ. దీన్ని అమ్ముడు లేదు, ఎవలకిచ్చుడు లేదు."

"పొద్దుగాల చలికి హేమీ పలకది. జర వెచ్చగైనంక చూడు."

"హేమీ లేస్తే ఇల్లంత లేస్తది."

"హేమీకి కోపమొస్తే ఆపుడు నీ తరం కాదు, నా తరం కాదు."

నువ్వు ముసిముసిగా నవ్వేవాడివి. నేనూ నవ్వేవాడిని. ఇద్దరం ఒకే సంగతికి నవ్వుతున్నాం అనుకున్నాను...

మొన్న వసంతంలో నీ సంవత్సరీకం చేశాం. ఇల్లు నిండా జనం. గారెలు వేడివేడిగా వస్తున్నాయి, నీ ఫొటోకు దండ వేసి ఉంది. నీతో ఫ్యాక్టరీలో పనిచేసిన మోహన్ అంకుల్ లేరూ, ఆయన తింటూ తింటూ కారు సంగతేమిటని అడిగారు. వదిన వడ్డిస్తోంది. నిలిపి ఉంచితే బండి ఖరాబైతది, ఇగ మెల్లగ నేనే బయటికి తీస్త అంకుల్, అంది.

నేను నవ్వాను అన్నా. అందరూ వినేలా నవ్వాను. ఇది హేమీ కారు వదినా, నువ్వు నడిపే బండి కాదు, దీని జోలికి రాకు అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది... నీ మాటలన్నీ ఒక్కొక్కటే చెప్పాను. హేమీ లేస్తే ఇల్లంత లేస్తది. హేమీకి కోపమొస్తే ఆపుడు ఎవరి తరం కాదు. పొద్దున చలికి పలకదు. నీ గొంతు పెట్టి, నీ దీర్ఘం తీసి మరీ చెప్పాను. అంకుల్స్ అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వాళ్ళూ అందుకున్నారు... హేమీ ఎట్లుంటది, హేమీ ఎంత తాగుతది, హేమీని ఒకసారి మాక్కూడా చూపెట్టు.

వదిన గరిటె గిన్నెలో పెట్టేసింది. కిచెన్‌లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. పాపం ఇంజన్ల గురించి ఆమెకేం తెలుసు, నలుగురిలో కాదన్నానని నొచ్చుకుంది అనుకున్నాను.

మర్నాడు తాళాలు నేనే తీసుకున్నాను. అంత అపురూపమైన బండి గ్యారేజీలో పడి ఉంటే ఎవరైనా వదినను మోసం చేస్తారని నా బాధ. నిజంగానే మంచికే చేస్తున్నానని అనుకున్నాను. ట్రక్కు మాట్లాడి కార్డిఫ్ తెచ్చేశాను. ట్రక్కు ఎక్కించడానికి కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి. సీటు బాగా ముందుకు జరిపి ఉంది. నువ్వు నాకంటే పొడుగు కదా, సీటు అంత ముందుకు ఎందుకుందో ఆలోచించాలి కదా? ఆలోచించలేదు. వెనక్కి జరుపుకుని పోయాను. వదిన గడప దగ్గర నిలబడి చూసింది.

ఎండాకాలం చివర్లో కార్డిఫ్ దగ్గర ఒక మైదానంలో పాత కార్ల షో పెట్టారు. ఉండబట్టలేక పేరిచ్చాను. ప్రింటు షాపులో పెద్ద బోర్డు చేయించాను. పైన హెమీ అని పెద్ద అక్షరాలు, కింద నువ్వు చెప్పిన లెక్కలు, ఇది ఆ నాలుగు వందల్లోపు వాటిలో ఒకటి అని. పైగా నీ పేరు కూడా వేయించాను. నీ పేరు నిలబెడుతున్నాను అనుకున్నాను.

అక్కడ అందరూ బానెట్లు ఎత్తి పెడతారట. నాకు ఆ గొళ్ళెం ఎక్కడుందో కూడా తెలియక తడుముకుంటుంటే పక్క కారు ఆవిడ వచ్చి తీసింది. బోర్డు చూసి అప్పటికే పదిమంది మూగి ఉన్నారు. బానెట్ లేచింది. అందరూ వంగి చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మనవాళ్ళైతే ముఖం మీదే కడిగేసేవాళ్ళు, బతికిపోయేవాడిని. వీళ్ళు అలా కాదు కదా. రంగు చాలా బాగుందన్నారు ఒకరు. ఎంతో శుభ్రంగా ఉంచారన్నారు ఇంకొకరు. ఒక చిన్నపిల్ల బోర్డు చదివి, మరి హెమీ అని ఎందుకు రాశారు డాడీ అని గట్టిగా అడిగితే, వాళ్ళ నాన్న దాని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. అప్పుడు నేను పక్కావిడను అడిగాను. ఆవిడ కాస్త తటపటాయించి చెప్పింది, ఇది మూడు వందల పద్దెనిమిది అని. చక్కటి ఇంజనే, ఆ రోజుల్లో బోలెడంతమంది కొన్నారు, ఇష్టంగా నడిపారు అని ఓదార్చినట్టు చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. వెళ్ళిపోదామంటే వెనక వరుసగా కార్లు. బోర్డు సీటు కింద దాచి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను, నీ మీద మండిపోతూ.

అవును, నీ మీదే. ఇన్నేళ్ళు నాకు అబద్ధం చెప్పావని.

ఆ ఆదివారమే స్టీవెనేజ్ వెళ్ళాను. కూర్చోకుండానే అనేశాను, అన్న మనందరినీ మోసం చేశాడు వదినా అని. పోయినవాణ్ణి, అదీ నిన్ను, ఆమె ముందు ఆ మాట అన్నాను. వదిన చేస్తున్న పని ఆపింది. మీ అన్న ఎన్నడు చెప్పిండు అది పెద్ద ఇంజనని? అంది. హేమీ కారు, హేమీ కారు అని ఇన్నేళ్ళు చెప్పాడు కదా అని అరిచాను.

వదిన ముఖం తిప్పుకుంది. శ్రావ్య మెట్లు దిగి వచ్చింది. అది మన మాటలన్నీ అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. బాబాయ్, మమ్ పేరేంటో నీకసలు తెలుసా అని అడిగింది.

అన్నా... నాకు వెంటనే తట్టలేదు. నీ పెళ్ళయిన నాటి నుంచి ఆమె నాకు వదిన. ఫోన్‌లో కూడా వదిన అనే ఉంది. నువ్వేమో మా ముందు ఎప్పుడూ ఏమోయ్ అనే పిలిచేవాడివి. మీ పెళ్ళి కార్డులు ఊరంతా తిరిగి పంచింది నేనే. ఆ కార్డు మీద నీ పేరు పక్కన హేమలత అని ఉంది.

హేమ. హేమీ.

ఆమె కారు. ఆ మాటకు అంతకంటే వేరే అర్థం ఏముంది? మన భాషలో హేమీ కారు అంటే హేమీ ఉన్న కారూ అవుతుంది, హేమీకి చెందిన కారూ అవుతుంది. బండి లేచినా లేస్తది, మనిషి లేచినా లేస్తది. నువ్వు తెలిసే ఆడుకున్నావు ఆ మాటలతో, నాకు తెలుసు... ఎప్పుడో ఒకప్పుడు ఈ మొద్దుకు వెలుగుతుందిలే అనుకున్నావా?

శ్రావ్య అంతా చెప్పింది. ఆదివారం పొద్దున మీరిద్దరూ ఆ కారులో పోయేవాళ్ళట. నడిపేది వదినేనట. నువ్వు పక్కన కూర్చుని కాఫీ ఫ్లాస్కు పట్టుకునేవాడివట. ఆ సీటు ఆమెదట. సంవత్సరీకం రోజు రాత్రి వదిన అన్నం ముట్టలేదట. నాకు ఆ పేరు తెలుసుననీ, కావాలనే నలుగురిలో వెక్కిరించాననీ అనుకుందట. తన మొగుడు తనను ఏకాంతంలో పిలుచుకున్న పేరు, ఆయన ఫొటో ముందే, ఊళ్ళో మగవాళ్ళందరి నోళ్ళలో... ఎంత తాగుతది, మాక్కూడా చూపెట్టు అంటూ...

నేను ఆమెకు క్షమాపణ చెప్పబోయాను. అంతలో వదినే అంది. ఆ పేరు మీ అన్న తప్ప ఇంకెవలూ పిలువలే మధూ. మా అమ్మ గూడ పిలువలే. నువ్వు పిలువకు.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నయంగా ఉండేది.

మరుసటి వారం కారు నేనే నడుపుకుంటూ తెచ్చి ఇచ్చాను. ఎడమ స్టీరింగుతో మోటార్‌వే మీద గుండె అరచేతిలో పెట్టుకుని వచ్చాను. ఆ రాత్రి అక్కడే ఆగి, మర్నాడు పొద్దున్నే తాళాలు చేతికిస్తే తీసుకుంది. సీటు ముందుకు జరుపుకుంది. నన్ను ఎక్కమనలేదు, నేనూ ఎక్కుతానని అనలేదు. ఆ మూడు వందల పద్దెనిమిది మొదటిసారికే లేచింది అన్నా. పొద్దుటి చలిలో కూడా.

ఆ తర్వాత అంకుల్స్ అందరికీ ఫోన్ చేశాను. అది మామూలు ఇంజనే, అన్న ఎన్నడూ పెద్దదని చెప్పలేదు, నేనే పొరపడ్డాను అన్నాను. ఎలా పొరపడ్డానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. దాంతో నా పని అయిపోయింది. కారు మీద హేమీ అన్న పేరు పోయింది, వెక్కిరింపుగా నా మీద పడింది. మొన్న బతుకమ్మకు ఈస్ట్ హామ్ హాల్లో అందరం కలిస్తే, మోహన్ అంకుల్ దూరం నుంచే ఆ పేరుతో నన్ను కేక వేశారు. పక్కవాళ్ళంతా గొల్లుమన్నారు. కొంచెం అవతల వదిన బతుకమ్మ పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు వినబడింది.

నా చెవులు మండిపోయాయి. అంకుల్ దగ్గరికి పోయి, ఏమన్నా అనండి అంకుల్, వెధవా అనండి, గాడిదా అనండి, ఆ మాట మాత్రం వద్దు అని చేతులు పట్టుకున్నాను. ఎందుకయ్యా అంత ఉలుకు అన్నారాయన. ఎందుకో చెబితే అక్కడికక్కడే ఆయన నోరు మూతపడేది, నా తెలివితక్కువతనానికి ఒక కారణమూ దొరికేది. అందరూ అయ్యో పాపం అనేవాళ్ళు.

చెప్పలేదు అన్నా. కార్ల గురించి ఏమీ తెలియకుండా గొప్పలకు పోయాను, ఆ మాట వింటే సిగ్గేస్తుంది అంకుల్ అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. నవ్వుకోనీ. బతికినన్నాళ్ళూ వాళ్ళకు నేను ఇంజన్ పేరు తెలియని వెర్రివాడిగానే ఉంటాను.

నీకు రాయాలి కాబట్టి ఇందులో ఆ పేరు ఇన్నిసార్లు రాశాను. ఇదే ఆఖరు. ఇకమీద నా నోట గానీ, నా రాతలో గానీ అది రాదు. నాకు ఆమె వదిన. అంతే.

ఉంటాను అన్నా.

నీ తమ్ముడు
మధు