చీటీ ఇవ్వని గది

జూలై 22, సోమవారం

నేను చెబుతాను, నా కోడలు సుగంధ రాస్తుంది. నాకు అక్షరం రాదు. ఏ రోజు సంగతి ఆ రోజు రాయించుకోమని, తాగాలనిపించినప్పుడు చదివించుకుని వినమని ఆసుపత్రి నర్సు చెప్పింది. సుగంధా, ఉన్నదున్నట్టు రాయి. నీ తెలివి కలపకు.

నా పేరు ధుర్పదాబాయి. వర్సోవా చేపల బజారులో గుమ్మం పక్కనున్న చోటు నాది. నాకంటే ముందు మా అత్తది. పోయిన వారం పట్టపగలే దేశీ సారా తాగి కూర్చున్నాను. బేరమాడిన ఆమె ముఖాన చందువా చేప విసిరాను. ఆ తర్వాత మంచు పెట్టె మీద పడి నిద్రపోయానట.

బజారు సంఘం పెద్ద హౌసాబాయి అందరి ముందూ తీర్పు చెప్పింది. తాగుడు మాన్పించే మీటింగులకు వెళ్లాలట. వెళ్తున్నట్టు రుజువు తేవాలట. సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చే నారళీ పున్నమి లోపల తేకపోతే చోటు పోయినట్టే. ఏం ధుర్పదక్కా, కాటికి పోయే వయసులో ఇదేం పోయేకాలం అంది. అంటుంటే ఆమె చెవులకు బంగారు చేపలు ఊగాయి. నా చేతుల మీద పెరిగిన పిల్ల.

జూలై 24, బుధవారం

తాగలేదు. చేతులు వణికి పులుసు గిన్నె జారిపోయింది. సుగంధ నవ్వింది. అదీ రాయి.

తెల్లవారుజామున తడి చీరతో పడవల దగ్గర నిలబడితే ఒంట్లో వేడి కోసం అందరం గుక్కెడు తాగేవాళ్లం. మిగతావాళ్లు గుక్కెడుతో ఆగారు.

జూలై 28, ఆదివారం

సారా దుకాణం ఎక్కడని అడిగితే గుడ్డివాడు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు. మీటింగు ఎక్కడో ఒక్కడికీ తెలీదు. అంధేరీలో చర్చి వెనక బడి అని నర్సు చెప్పింది. ఆటోవాడు పెళ్లి హాలు ముందు దింపి పోయాడు. వానలో తడిసి, ఇద్దరు ముగ్గురిని తిట్టి, చివరికి బడి పట్టుకున్నాను. బోర్డు లేదేమిరా అని వాచ్‌మన్‌ను అడిగాను. బోర్డు పెడితే ఎవడొస్తాడు అవ్వా అన్నాడు. నన్ను ఎగాదిగా చూసి ఎడమ గదిలోకి పొమ్మన్నాడు.

అక్కడ అందరూ ఆడవాళ్లే. ఒకామె టీ ఇచ్చింది. ఒకామె నా వీపు నిమిరింది. ఇంకొకామె, మొగుడు వంటగిన్నెలు కూడా అమ్ముకు తాగాడని చెప్పి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. చివర్లో అడిగారు, తాగేది కొడుకా, మొగుడా అమ్మా అని. మొగుడు పోయాడు, కొడుకు చుక్క ముట్టడు, తాగేది నేనే అన్నాను.

వీపు నిమిరే చెయ్యి ఆగిపోయింది.

అయ్యో అవ్వా, ఇది ఇంట్లోవాళ్లు కూర్చునే గది, నీది పక్క గది అన్నారు. అక్కడికి వెళ్లేసరికి కుర్చీలు మడతపెడుతున్నారు.

నెరిసిన జుట్టు చూసి ఎవడో తాగుబోతు తల్లిననుకున్నారు. తాగుబోతునని ఒప్పించడానికి కూడా నేనే నోరు చేసుకోవాలి!

ఆగస్టు 4, ఆదివారం

ఈసారి సరైన గదికే వెళ్లాను. దాదాపు అందరూ మగాళ్లు. ఒక్కొక్కరు లేచి పేరు చెప్పి మాట్లాడాలి. బజారు ఈ చివర నుంచి ఆ చివరకు వినపడే గొంతు నాది. అక్కడ పెగల్లేదు. నా పేరు ధుర్పద, తాగుతాను అన్నాను. అంతే. ఎవరూ నవ్వలేదు.

వచ్చినట్టు చీటీ రాసివ్వమన్నాను. మీటింగు నడిపే గడ్డపాయన తల అడ్డంగా ఊపాడు. చీటీలు లేవు అవ్వా, రిజిస్టరు లేదు, ఇంటిపేరు కూడా అడగం, ఇక్కడ ఎవరిని చూశావో ఇక్కడే వదిలేసి పో అన్నాడు. మరి నా చోటు మీ బాబు ఇస్తాడా అన్నాను. ఆయన నవ్వి, నా ఉద్యోగం పోయినప్పుడు నేనూ ఇలాగే అడిగాను అన్నాడు.

వెనక వరుసలో ఇంకొక ఆడది కూర్చుంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. కొంగు జారింది. నేను చూశాను. నేను చూడటం తనూ చూసింది.

ఎవరో చెప్పను. సుగంధా, నువ్వు అలిగినా చెప్పను. ఒక్కటి రాయి. ఆమె నోరు విప్పితే నా చోటు నాకు దక్కుతుంది.

ఆగస్టు 11, ఆదివారం

వెళ్లాను. ఆమె రాలేదు.

ఆగస్టు 14, బుధవారం, సాయంత్రం

రేపే పున్నమి. సంఘం కూర్చుంది. సుగంధా, నువ్వూ అక్కడే ఉన్నావు, చూసినంతే రాయి.

రుజువేదని అడిగారు. అక్కడ చీటీ ఇవ్వరన్నాను. ఇవ్వరా, సారా దుకాణంలోనూ ఇవ్వరులే అని రొయ్యలమ్మే తానూబాయి అంది. అందరూ విరగబడి నవ్వారు. నీ బుట్టలో పురుగులు పడ అన్నాను. పోనీ నిన్ను అక్కడ చూసిన మనిషి ఎవరైనా ఉన్నారా, ఒక్కరు చాలు అంది తానూబాయి.

పేరు నాలుక చివరికొచ్చింది. మింగాను. సారా కూడా ఎప్పుడూ అంతగా మండలేదు. ఎవరూ లేరన్నాను.

హౌసాబాయి కాళ్ల కింద పారే మురికినీళ్లను చూస్తూ, చోటు తీసేస్తున్నాం అంది. ఆ బంగారు చేపలు లేక ఈ రోజు ఆమె చెవులు బోసిగా ఉన్నాయని సుగంధ అంటోంది. ఉంటే ఉన్నాయి.

చోటు తానూబాయి కోడలికిచ్చారు. మా అత్త కత్తిపీట చంకన పెట్టుకుని వచ్చేశాను. సారా దుకాణం ముందు కాళ్లు ఆగాయి. సుగంధ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగాయి.

ఆగస్టు 18, ఆదివారం

వెళ్లాను. ఆమె వచ్చింది, నా పక్క కుర్చీలో కూర్చుంది. ఏడ్చింది. నేను వీపు నిమరలేదు.

రాస్తూ రాస్తూ సుగంధ పెన్ను ఆపి అడుగుతోంది, హౌసాబాయేనా అత్తా అని.

కాదు. పెద్ద అక్షరాలతో రాయి. కాదు.