మెటియోరిక్ అంటే అర్థం

నాంపల్లి,
12-9-1966

శ్రీవారికి కమలకుమారి నమస్కరించి రాయునది. నేనూ పాపా క్షేమం. మీ క్షేమం అడగను. మీరు పంపిన ఫోటోలో కనపడుతూనే ఉంది.

కంపెనీ పత్రికలో మీ గురించి అచ్చయిన ‘మెటియోరిక్ రైజ్’ అనే మాటకు అర్థం కనుక్కుని, వాటాల వాళ్లందరికీ చెప్పమని రాశారు. పక్క వాటాలోని ఇంగ్లీషు మాస్టారు రూఫస్ గారిని అడిగాను.

“మెటియోర్ అంటే ఉల్క. దాన్నుంచి వచ్చిన విశేషణం అమ్మా. చూస్తుండగానే పేరూ పదవీ వచ్చినవాళ్లకు వాడతారు. మెట్టుమెట్టుగా ఎక్కినవాళ్లకు వాడరు” అన్నారు.

“ఉల్క రాలేది కదండీ, ఎక్కడమేమిటి?” అన్నాను.

“వాడుక అలా వచ్చేసింది. మీవారికి సరిగ్గా అతికింది” అని నవ్వారు. ఆయన మంచికే అన్నారు. నాకే తల కొట్టేసినట్టయింది.

ఆబిడ్స్‌లో రేడియోలు అమ్మే గుమాస్తా ఏడాదిన్నరలో బొంబాయి మేనేజరు ఎలా అయ్యాడో వాటాల వాళ్లకు ఏమని చెప్పను? గోదాములో రేడియోలు మాయం చేసింది మీ పెద్ద దొరగారి బావమరిది. మీతో పనిచేసే వెంకటేశం ఎత్తుకెళ్తుంటే కళ్లారా చూశానని విచారణలో చెప్పింది మీరు. నాకు నొప్పులొచ్చిన రోజు మీరు ఊళ్లో లేకపోతే, రిక్షా పట్టుకొచ్చి దవాఖానకు తీసుకెళ్లిన వెంకటేశం!

వెంకటేశం వాళ్లేమైనా గొడవ చేస్తున్నారా అని అడిగారు. గొడవ చేసే ఓపిక కూడా వాళ్లకు మిగల్లేదు. మొన్న వెంకటేశం భార్య పద్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“మా ఆయన దొంగ గాదని నీకెర్కనే గదక్కా. మీ ఆయనకు గట్ల జెప్ప నోరెట్లొచ్చింది? దొంగోని పెండ్లామని నల్లాకాడ నన్ను నీళ్లు గూడ పట్టనిస్తలేరు” అంది.

ఇక అసలు సంగతి. విచారణ జరిగేటప్పుడు నేను తెనాలిలో పుట్టింట ఉన్నాను. “చెప్పింది అబద్ధమే, కానీ తప్పలేదు. చదివి చించెయ్” అని అప్పుడు మీరో ఉత్తరం రాశారు. నేను చించలేదు. బీరువాలో చీరల కింద దాచాను. ఏడాది పైగా దాచానంటే మీ పాపంలో నాకూ వాటా ఉన్నట్టే.

నిన్న ఉదయం దాన్ని పద్మ చేతిలో పెట్టాను. వాళ్ల ప్లీడరు వామన్‌రావు గారి దగ్గరికి వెంట వెళ్లాను.

“మీవారి ఉద్యోగం పోవచ్చు. ఆలోచించుకునే ఇస్తున్నారా?” అని అడిగారాయన.

“ఆలోచించడానికే ఏడాది పట్టిందండీ” అన్నాను.

వెంకటేశం మీద దొంగతనం కేసు వచ్చే నెల నాలుగో తేదీకి వాయిదా వేశారు. ఆ రోజు మీరే వచ్చి నిజం చెబితే, ఎవరేమన్నా మీ పక్కన నిలబడతాను. రాకపోతే, ఆ దస్తూరీ మీదేనని బోనెక్కి నేనే చెబుతాను.

ఇట్లు,
పాప తల్లి
కమలకుమారి