కొసరు దోసకాయ

సూర్యాపేట,
2 మే 2022

కోదాడ పిల్లలకు లెక్కలు నేర్పుతున్న అఖిల టీచరు గారి దివ్యసముఖమునకు, పాత క్లాస్‌మేట్ సాయిచరణ్ వంగి వంగి చేయు నమస్కారములు.

ఈ ఉత్తరం వల్ల మీ అమూల్య కాలానికీ, తెలుగు భాషకూ, పోస్ట్‌మన్ భుజానికీ జరగబోయే అపచారానికి ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్‌లో అయితే జోకులేసి తప్పించుకుంటానని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక్కడ నేను క్షేమం. ఉద్యోగమూ క్షేమమే, నేనేం పని చేస్తానో మేనేజర్‌కు ఇంకా తెలియలేదు. మీ నాన్న ఏసుపాదం గారికి ఆయాసం తగ్గిందని విని సంతోషించాను.

ఇక అసలు సంగతి. మీ అమ్మ పోయి ఏడాది అవుతున్నదని ప్రార్థన కూడిక పెడుతున్నారు. అందులో నన్ను సాక్ష్యం చెప్పమన్నావు. "గల్లీ మొత్తం తలుపులేసుకున్నా, అమ్మ చేతి కూరగాయలు తిన్నది నువ్వొక్కనివే. గా మాట నువ్వే చెప్పాలె" అన్నావు.

నేను చెప్పలేను.

మొదటి లాక్‌డౌన్‌లో మీ నాన్న కరోనా తగ్గి దవాఖాన నుంచి ఇంటికొచ్చాక మన మిర్యాలగూడ గల్లీ ఎట్లా ఉండేదో గుర్తుందా? మీ ఇంట్లో అందరికీ నెగెటివ్ వచ్చినా సరే, మీ అమ్మ, మా అందరి పిచ్చమ్మ చిన్నమ్మ, దోసకాయల గంపతో వచ్చి కేకేస్తే తలుపులు మూసుకునేవి. సూపర్‌మార్కెట్ సంచీ వస్తే అవే తలుపులు తెరుచుకునేవి. ఆ సంచీ ఎన్ని చేతులు దాటి వచ్చిందో ఎవరూ అడగలేదు.

నేను మాత్రం డిగ్రీ చదివిన మానవతావాదిని. మాస్కు సర్దుకుని, కిటికీలన్నీ చూస్తుండగా రోజూ కొనేవాణ్ణి. తూచిన తర్వాత మీ అమ్మ ఇంకో కాయ సంచీలో వేసేది. వద్దంటే వినేది కాదు. "కొసరు బిడ్డా. నువ్వన్న తింటున్నవ్" అనేది. ఆ రోజుల్లో మీ ఇంట్లో ఒక పూటే పొయ్యి వెలిగేదని మొన్న నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు.

అది విన్నప్పటి నుంచీ తెల్లవారితే ఆ కేక వినిపిస్తోంది. నేనుండేది సూర్యాపేటలో, మూడో అంతస్తులో. కింద బస్సుల హారన్లే తప్ప గంపలవాళ్ళెవరూ రారు. అయినా వెళ్ళి తలుపు తీస్తున్నాను. తీశాక చూసుకుంటే చేతిలో ఖాళీ సంచీ ఉంటోంది. నవ్వుకో. నేనూ నవ్వుదామనే చూశాను.

కూడికలో కుర్చీలు మోయమను, వడ్డించమను, గిన్నెలు కడగమను, వస్తాను. మైకు మాత్రం ఇవ్వకు.

ఇట్లు,
నీ నోట మంచివాడనిపించుకున్న
సాయిచరణ్

తా.క.: నేను ఒక్క కాయ కూడా తినలేదు అఖిలా. మీ ఇంటి గాలి తగిలిన కాయలని భయపడి, కొసరుతో సహా అన్నీ పెరట్లో గుంత తీసి పాతిపెట్టాను. ఒకరోజు మీ అమ్మ అడిగింది, "పప్పు మంచిగైందా బిడ్డా?" అని. "మస్తుగైంది చిన్నమ్మా" అన్నాను. ఎంత సంబరపడిందో. ఆ రోజు కొసరు రెండు కాయలు వేసింది.

అవీ పాతిపెట్టాను.